ఉత్తేజిత పాజిట్రోనియం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో ప్రతిపదార్థం మీద జరిగే పరిశోధన గురించి వార్త వచ్చినప్పుడల్లా యాంటీహైడ్రోజన్ పేరు వినిపిస్తుంది. ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల బదులు వాటి ప్రతికణాలైన యాంటీప్రోటాన్, పాజిట్రాన్‌లతో తయారయ్యే హైడ్రోజన్ అది. దాన్ని తయారు చేసే ఒక పద్ధతిలో వాడే పాజిట్రోనియం పేరు మాత్రం వార్త చివర ఎక్కడో ఒకసారి కనిపిస్తుంది, లేదంటే అసలు కనిపించదు. ఆ పని మొత్తంలో అతి కష్టమైన భాగమూ, నా మనసుకు అతి దగ్గరైన భాగమూ అదే. ఇంటర్మీడియట్‌లో బోర్ పరమాణు నమూనా చదివినవారికి అర్థమయ్యేలా ఈ జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా జెనీవా దగ్గర సెర్న్‌లో నడుస్తున్న ఏజిస్ ప్రయోగం నుంచి తీసుకున్నాను. యాంటీహైడ్రోజన్ మీద గురుత్వాకర్షణ ఎలా పనిచేస్తుందో కొలవడం దాని లక్ష్యం.

పాజిట్రోనియం అంటే ఏమిటి?

హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కు ఒక ఎలక్ట్రాన్ కట్టుబడి ఉంటుంది. ప్రోటాన్ స్థానంలో పాజిట్రాన్ ఉంటే అది పాజిట్రోనియం. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌కు ప్రతికణం. ద్రవ్యరాశి సమానం, ఆవేశం మాత్రం ధనాత్మకం.

ఇందులో కేంద్రకం లేదు. బరువులు సమానం కాబట్టి రెండు కణాలూ వాటి నడిమి బిందువు చుట్టూ తిరుగుతాయి. ఈ ఒక్క మార్పుతో హైడ్రోజన్ లెక్కలన్నీ రెండుతో గుణించుకోవడమో భాగించుకోవడమో చేయాలి. హైడ్రోజన్ బంధన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులైతే దీనిది 6.8. పరిమాణం రెట్టింపు. హైడ్రోజన్‌ను మొదటి స్థాయి నుంచి రెండో స్థాయికి లేపే కాంతి తరంగదైర్ఘ్యం 121.5 నానోమీటర్లైతే ఇక్కడ 243. బరువు మాత్రం హైడ్రోజన్‌లో దాదాపు 920వ వంతు. మనకు తెలిసిన పరమాణువుల్లో ఇంతకన్నా తేలికైనది లేదు. ఈ తేలికదనమే తర్వాతి కష్టాలన్నిటికీ మూలం.

ఇది పదార్థమా, ప్రతిపదార్థమా?

సగం అది, సగం ఇది. కణాన్ని ప్రతికణంగా, ప్రతికణాన్ని కణంగా మార్చి చూసినా మళ్లీ పాజిట్రోనియమే వస్తుంది.

రెండూ ఎదురుపడితే మాయమవ్వాలి కదా, ఇది ఎలా నిలుస్తుంది?

నిలవదు. కొంచెం ఆలస్యం చేస్తుంది, అంతే. ఎంత ఆలస్యం అన్నది రెండు కణాల స్పిన్‌లను బట్టి ఉంటుంది. స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటే దాన్ని పారా పాజిట్రోనియం అంటారు. సగటు ఆయుష్షు 0.125 నానోసెకను. చెరి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న రెండు గామా కిరణాలుగా మారిపోతుంది. స్పిన్‌లు ఒకే దిశలో ఉంటే ఆర్థో పాజిట్రోనియం. సమరూపత నియమాలు దీన్ని రెండు గామాలుగా విడిపోనివ్వవు, కనీసం మూడు కావాలి. మూడు పుట్టడం అరుదైన సంగతి కాబట్టి సగటు ఆయుష్షు 142 నానోసెకన్లకు పెరుగుతుంది. పాజిట్రోనియం ఏర్పడినప్పుడు ప్రతి నాలుగింటిలో ఒకటి పారా, మూడు ఆర్థో.

ప్రయోగాలకు పనికొచ్చేది ఆర్థో మాత్రమే. 142 నానోసెకన్లలో కాంతి 43 మీటర్లు కూడా దాటదు. సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే పాజిట్రోనియం ఆ వ్యవధిలో సెంటీమీటరున్నర పోతుంది. తయారు చేయడం, లేజరు కొట్టడం, కొలవడం అన్నీ ఆ సెంటీమీటరున్నరలోనే జరగాలి.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను గుర్తించారు. రెండేళ్లకే, 1934లో, క్రొయేషియా శాస్త్రవేత్త స్త్యేపాన్ మొహొరొవిచిచ్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి పరమాణువుగా ఏర్పడవచ్చని రాశారు. 1945లో ఆర్థర్ రువార్క్ పాజిట్రోనియం అని పేరు పెట్టారు. 1951లో అమెరికాలోని ఎంఐటీలో మార్టిన్ డాయిష్ వాయువుల్లో ఇది ఏర్పడుతోందని ప్రయోగంతో నిరూపించారు. రెండో స్థాయికి చేరిన పాజిట్రోనియం 243 నానోమీటర్ల కాంతిని వెలువరించడాన్ని కాంటర్, మిల్స్, బెర్కో 1975లో గమనించారు. 1982లో స్టీవెన్ చూ, అలెన్ మిల్స్ లేజరుతో మొదటి స్థాయిలోని 1ఎస్ స్థితి నుంచి రెండో స్థాయిలోని 2ఎస్‌కు మారడాన్ని చూశారు. లేజరుతో పరమాణువులను చల్లబరిచినందుకు 1997లో నోబెల్ బహుమతి పంచుకున్న చూ ఈయనే. 1990లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల బృందం రెండు లేజర్లతో మరింత పై స్థాయిలను అందుకుంది.

అసలు ఉత్తేజపరచడం ఎందుకు?

రెండు కారణాలు. మొదటిది ఆయుష్షు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకదాన్నొకటి అంతం చేసుకోవాలంటే ఒకే చోట ఉండాలి. పై స్థాయికి లేపితే రెండూ దూరం జరుగుతాయి. పదిహేనో స్థాయిలో పాజిట్రోనియం వ్యాసార్థం దాదాపు 24 నానోమీటర్లు, అంటే భూస్థాయిలో ఉన్నదానికి 225 రెట్లు. అంత దూరంలో వినాశం దాదాపు ఆగిపోతుంది. కాంతిని వెలువరిస్తూ మెట్టు మెట్టుగా కిందికి దిగి వచ్చాకే దానికి చావు. ఆ దిగడానికి మైక్రోసెకన్లు, కొన్నిసార్లు పదుల మైక్రోసెకన్లు పడుతుంది. 142 నానోసెకన్లతో పోలిస్తే అది పెద్ద జీవితమే.

రెండో కారణం యాంటీహైడ్రోజన్. యాంటీప్రోటాన్ల గుంపులోకి పాజిట్రోనియంను పంపితే యాంటీప్రోటాన్ అందులోని పాజిట్రాన్‌ను లాక్కుంటుంది, ఎలక్ట్రాన్ విడిపోతుంది. మిగిలేది యాంటీహైడ్రోజన్. దీన్ని ఆవేశ వినిమయం అంటారు. ఈ చర్య జరిగే అవకాశం శక్తి స్థాయి సంఖ్య నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మూడో స్థాయికి బదులు పదిహేనో స్థాయిలో ఉంటే ఐదు రెట్లు నాలుగుసార్లు, అంటే 625 రెట్లు. యాంటీప్రోటాన్లు లక్షల లెక్కలోనే దొరికే చోట ఈ 625 రెట్లు ప్రయోగం నిలబడుతుందా లేదా అన్నది తేల్చేస్తాయి.

పైగా పుట్టిన యాంటీహైడ్రోజన్ ఏ స్థాయిలో ఉంటుందో కూడా ముందే అంచనా వేయవచ్చు. బంధన శక్తి దాదాపు చెక్కుచెదరదు కాబట్టి పాజిట్రోనియం స్థాయి సంఖ్యను రెండు వర్గమూలంతో గుణిస్తే సరిపోతుంది. పదిహేడో స్థాయి పాజిట్రోనియం నుంచి 24వ స్థాయి దాపుల్లో యాంటీహైడ్రోజన్ వస్తుంది.

పాజిట్రాన్లు ఎక్కడి నుంచి వస్తాయి?

చాలా ప్రయోగశాలల్లో సోడియం-22 నుంచి. అర్ధాయువు 2.6 ఏళ్లు కాబట్టి ఒకసారి తెచ్చుకున్న మూలం కొన్నేళ్లు పనిచేస్తుంది. చిక్కల్లా అందులోంచి వచ్చే పాజిట్రాన్ల వేగంతోనే. వాటి శక్తి సున్నా నుంచి 5.4 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పరుచుకుని ఉంటుంది, దిశ కూడా ఇష్టం వచ్చినట్లు ఉంటుంది. వాటిని లొంగదీయడానికి మూలం ముందు నియాన్ వాయువును గడ్డకట్టిస్తారు. దాదాపు ఏడు కెల్విన్‌ల చలిలో శంఖాకారపు లోహపు మూతి మీద నియాన్ పల్చటి మంచు పొరలా పేరుకుంటుంది. పాజిట్రాన్ ఆ మంచులో ఢీకొంటూ శక్తిని వదిలేసి, కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులతో బయటపడుతుంది. వందకు ఒక్కటి కూడా అలా దక్కదు. తక్కినవన్నీ దారిలోనే పోతాయి. ఆ మంచు పొర కాలం గడిచే కొద్దీ పాడవుతుంది. అప్పుడు కరిగించి, కొత్త నియాన్ పంపి, మళ్లీ పేర్చాలి. పాజిట్రాన్లతో పనిచేసే ప్రయోగశాలల్లో ఇది మామూలు పని.

నెమ్మదించిన పాజిట్రాన్లను పోగుచేయడానికి క్లిఫర్డ్ సుర్కో బృందం కాలిఫోర్నియాలో రూపొందించిన ఉచ్చు వాడతారు. పల్చటి నైట్రోజన్ నిండిన గొట్టం, చుట్టూ అయస్కాంత క్షేత్రం, రెండు చివర్లా విద్యుత్ అడ్డుకట్టలు. పాజిట్రాన్ నైట్రోజన్ అణువును ఢీకొని దాన్ని ఉత్తేజపరచి, తన శక్తి పోగొట్టుకుని ఉచ్చులో చిక్కుకుంటుంది. ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే లెక్క ఒకటుంది. నైట్రోజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని పాజిట్రోనియంగా మారడానికి పాజిట్రాన్‌కు కావలసిన కనీస శక్తి 8.8 ఎలక్ట్రాన్ వోల్టులు. అలా మారితే ఆవేశం పోయి ఉచ్చు నుంచి జారిపోతుంది. నైట్రోజన్‌ను ఉత్తేజపరచడానికి కావలసింది దాదాపు 8.6. ఆ చిన్న తేడా వల్ల ఒక ఇరుకైన శక్తి పట్టీలో పాజిట్రాన్ జారిపోకుండా చిక్కుకుంటుంది. ఈ పనికి నైట్రోజన్‌నే ఎంచుకోవడానికి కారణం అదే.

పోగైన పాజిట్రాన్లను చివరికి ఒకే గుంపుగా, కొన్ని నానోసెకన్ల వెడల్పున్న పల్స్‌గా విడుదల చేస్తారు.

ఆ పాజిట్రాన్లు పాజిట్రోనియంగా ఎక్కడ మారతాయి?

గోరంత సిలికాన్ పలకలో. ఇటలీలోని ట్రెంటో బృందం ఏజిస్ కోసం వీటిని తీర్చిదిద్దింది. సిలికాన్‌ను విద్యుద్రసాయన పద్ధతిలో తొలిచి, ఉపరితలం నుంచి లోపలికి నానోమీటర్ల వెడల్పున్న సన్నని నాళాలు చేస్తారు. తర్వాత వేడిచేసి వాటి గోడలకు సిలికా పూత వచ్చేలా చేస్తారు. కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చిన పాజిట్రాన్ పలకలోకి దిగి, సిలికాలో ఒక ఎలక్ట్రాన్‌ను పట్టుకుని పాజిట్రోనియం అవుతుంది. అది నాళంలోకి జారి, గోడలను ఢీకొంటూ, ఢీకొన్నప్పుడల్లా కాస్త శక్తి వదులుతూ బయట శూన్యంలోకి వస్తుంది. మంచి పలకల నుంచి పాజిట్రాన్లలో మూడో వంతు దాకా ఇలా ఆర్థో పాజిట్రోనియంగా వెలుపలికి వస్తాయి.

నాళం ఎంత వెడల్పు ఉండాలన్నది ఒక తగవు. వెడల్పు తక్కువైతే గోడలను ఎక్కువసార్లు ఢీకొని త్వరగా చల్లబడుతుంది. మరీ ఇరుకైతే క్వాంటమ్ నియమం అడ్డుపడుతుంది. ఇరుకు చోట బందీ అయిన కణానికి కనీస గతిశక్తి తప్పదు, పాజిట్రోనియం లాంటి తేలికైన కణానికి అది మరీ ఎక్కువ. పలకను ఎంత చల్లబరిచినా ఆ హద్దు దిగదు.

ఏ లేజర్లు వాడతారు? ఒక్క దెబ్బతో పై స్థాయికి పంపలేమా?

సూత్రప్రాయంగా పంపవచ్చు, కానీ అవకాశం చాలా తక్కువ. అందుకే మధ్యలో ఒక మజిలీ పెడతారు. కొందరు 243 నానోమీటర్ల కాంతితో రెండో స్థాయికి, అక్కడి నుంచి ఎరుపు కాంతికి కాస్త అటూఇటూగా ఉండే రెండో లేజరుతో పైకి పంపుతారు. అమెరికాలోని రివర్‌సైడ్‌లో డేవిడ్ కాసిడీ, మిల్స్ తదితరులు 2012లో ఈ దారిలో మంచి సామర్థ్యం సాధించారు. ఏజిస్ బృందం మూడో స్థాయి మీదుగా వెళుతుంది. ముందు 205 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, ఆ వెంటనే 1,700 నానోమీటర్ల దాపుల్లో పరారుణ కాంతి.

లేజరు రంగు ఎంత కచ్చితంగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. ఇక్కడ దానికి పూర్తిగా విరుద్ధం. గది ఉష్ణోగ్రతలో కూడా పాజిట్రోనియం ఒక దిశలో సెకనుకు సుమారు 50 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. లేజరు వైపు వచ్చే పరమాణువుకు కాంతి నీలానికి జరిగినట్లు, దూరంగా పోయే పరమాణువుకు ఎరుపుకు జరిగినట్లు అనిపిస్తుంది. ఈ డాప్లర్ ప్రభావం వల్ల పరమాణువులు కోరుకునే రంగు వందల గిగాహెర్ట్జ్‌ల మేర చెదిరిపోతుంది. సన్నని రంగున్న లేజరు చేపల గుంపులోకి వేసిన ఒంటి గాలం లాంటిది, దానికి ఏ ఒక్కటో పడుతుంది. కావలసింది వల. అందుకని కావాలనే వంద గిగాహెర్ట్జ్‌ల పైచిలుకు వెడల్పున్న పల్స్‌లు వాడతారు. ఆ వెడల్పంతటా తగినంత శక్తి ఉండాలి, నానోసెకన్ల కచ్చితత్వంతో పాజిట్రోనియం మేఘం మీద పడాలి. లేజరు నిపుణులకు నిద్ర లేకుండా చేసేది ఈ షరతులే.

పరమాణువు ఉత్తేజితమైందని ఎలా తెలుస్తుంది?

దాని చావును చూసి తెలుసుకుంటాం. పాజిట్రోనియం నుంచి మనకు అందే గట్టి సంకేతం అంతమైపోయేటప్పుడు వెలువడే గామా కిరణాలే. కాబట్టి లేజరు ఆ మరణ సమయాన్ని ఎటు జరిపింది అన్నదే మనం కొలిచేది.

వేల, లక్షల పరమాణువులు ఒకేసారి పుట్టి, కొన్ని వందల నానోసెకన్లలో పోతాయి. గామాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే వ్యవధి ఉండదు. అందుకని పలక పక్కనే సీసం టంగ్‌స్టేట్ స్ఫటికాన్ని పెడతారు. సెర్న్‌లోనే సీఎంఎస్ డిటెక్టరులో వాడిన పదార్థం ఇది. గామా తగిలితే అందులో మెరుపు పుట్టి, కొన్ని నానోసెకన్లలో ఆరిపోతుంది. ఆ మెరుపులన్నీ కలిసి ఫోటోమల్టిప్లయర్ గొట్టంలో విద్యుత్ ప్రవాహంగా మారి, ఆసిలోస్కోపు తెర మీద ఒక్క గీతగా కనిపిస్తాయి.

ఆ గీతను కాసేపు చూద్దాం. మొదట నిట్టనిలువు శిఖరం. పలకలోనే అంతమైన పాజిట్రాన్లు, పుడుతూనే పోయిన పారా పాజిట్రోనియంలు అక్కడ ఉంటాయి. దాని తర్వాత కుడివైపుకు నెమ్మదిగా వాలే పొడవైన తోక. శూన్యంలోకి వచ్చిన ఆర్థో పాజిట్రోనియంలు 142 నానోసెకన్ల లెక్కన రాలిపోతున్న గుర్తు అది. ఇప్పుడు లేజరు వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి ఇదే గీతను తీస్తారు. 205 నానోమీటర్ల పల్స్‌తో మూడో స్థాయికి లేపి, దాంతోపాటు 1,064 నానోమీటర్ల బలమైన పల్స్ కొడితే పాజిట్రోనియం చీలిపోతుంది. విడిపడిన పాజిట్రాన్‌ను అక్కడి విద్యుత్ క్షేత్రం వెనక్కి పలక మీదికి తోస్తుంది, అది అక్కడే పోతుంది. తోకలో ఆ తర్వాత రావలసిన గామాలు రావు. తోక కిందికి దిగుతుంది. ఎంత దిగిందో అంత భాగం ఉత్తేజితమైనట్లు లెక్క. ఏజిస్ బృందం 2016లో ప్రచురించిన ఫలితంలో శూన్యంలోకి వచ్చిన పాజిట్రోనియంలో దాదాపు 15 శాతాన్ని ఇలా మూడో స్థాయికి లేపి చీల్చగలిగింది.

రెండో పల్స్ ఇందాక చెప్పిన 1,700 నానోమీటర్ల దాపు పరారుణమై, పరమాణువును 15, 16, 17 స్థాయిలకు పంపితే గీత మరోలా ఉంటుంది. తోక మొదట దిగుతుంది, చావు వాయిదా పడింది కాబట్టి. ఆపైన, చాలా ఆలస్యంగా, తోక మామూలు గీతను దాటి పైకి లేస్తుంది. దీర్ఘాయుష్షు పొందిన పరమాణువులు ఎగురుతూ పోయి ఛాంబరు గోడలను తాకి అక్కడ అంతమైన సందర్భం అది. రెండు గీతల మధ్య ఈ తేడా కొద్ది శాతమే. పల్స్ పల్స్‌కూ పాజిట్రాన్ల సంఖ్య కాస్త మారుతూ ఉంటుంది కాబట్టి లేజరు ఉన్నవీ లేనివీ ఒకదాని తర్వాత ఒకటి వందలసార్లు తీసి సగటు చూడాలి. కాసిడీ, మిల్స్ 2006 దాపుల్లో మొదలుపెట్టిన ఈ ఒకే పల్స్ పద్ధతి లేకపోతే ఈ రంగం ఇంత ముందుకు వచ్చేది కాదని నా నమ్మకం.

అదే కొలతతో ఉష్ణోగ్రత కూడా తెలుస్తుందా?

తెలుస్తుంది. లేజరు రంగును కొంచెం కొంచెంగా మారుస్తూ తోక ఎంత దిగుతుందో గీసుకుంటూ పోతే గంట ఆకారపు వక్రరేఖ వస్తుంది. దాని వెడల్పు డాప్లర్ ప్రభావం వల్ల వచ్చింది. లేజరు సొంత వెడల్పును తీసివేస్తే మిగిలేది పరమాణువుల వేగాల చెదురు, అందులోంచి ఉష్ణోగ్రత. ఇది లేజరు దిశలో ఉన్న వేగం మాత్రమే. పలక నుంచి నేరుగా ముందుకు వచ్చే వేగం వేరుగా ఉండవచ్చు. దాన్ని లేజరు పల్స్‌ను ఆలస్యంగా, దూరంగా కొట్టి విడిగా కొలవాలి.

శక్తి స్థాయి ఎంత పెంచితే అంత మంచిదా?

ఒక హద్దు దాకా. యాంటీప్రోటాన్లను పట్టి ఉంచడానికి బలమైన అయస్కాంత క్షేత్రం తప్పదు. ఒక టెస్లా క్షేత్రంలో సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా కదిలే పరమాణువుకు, తన దృష్టిలో, సెంటీమీటరుకు వెయ్యి వోల్టుల విద్యుత్ క్షేత్రం ఎదురవుతుంది. పదిహేనో స్థాయిలో పాజిట్రోనియంను కట్టి ఉంచే శక్తి కేవలం 0.03 ఎలక్ట్రాన్ వోల్టు. స్థాయి 20 దాపుల్లోకి వెళితే ఆ క్షేత్రమే పరమాణువును చీల్చేస్తుంది. తక్కువ స్థాయిల్లో కూడా అది పక్క పక్క శక్తి రేఖలను కలగలిపేస్తుంది. అందుకే తర్వాతి నమూనాలో ఏజిస్ బృందం పలకను యాంటీప్రోటాన్ల అక్షం మీదికే తెచ్చింది. పాజిట్రోనియం అయస్కాంత క్షేత్రం వెంబడే కదిలితే ఆ విద్యుత్ క్షేత్రం తగ్గుతుంది, మరింత పై స్థాయిలను వాడుకోవచ్చు.

2ఎస్ స్థితికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

రెండో స్థాయిలో పి రకం స్థితి 3.2 నానోసెకన్లలో కాంతిని వదిలి కిందికి దిగిపోతుంది. ఎస్ రకానికి ఒక ఫోటాన్ వదిలి దిగే దారి లేదు. అది వినాశం కోసం ఎదురుచూస్తూ 1.1 మైక్రోసెకను పైగా ఉంటుంది. రిడ్‌బర్గ్ పరమాణువుల్లా, అంటే చాలా పై స్థాయిలకు లేపిన పెద్ద పరమాణువుల్లా, ప్రతి చిన్న విద్యుత్ క్షేత్రానికీ చలించదు కాబట్టి పాజిట్రోనియం మీదనే గురుత్వాకర్షణను కొలవాలనుకునేవారికి ఇది అనువైనది. ఏజిస్ బృందం మూడో స్థాయి నుంచి దిగేటప్పుడు కొంత భాగం 2ఎస్‌లోకి జారేలా చేసింది. ఆ తర్వాత 1,312 నానోమీటర్ల లేజరుతో ఆ దిగుడును ప్రేరేపించి మరింత పెంచింది.

పాజిట్రోనియంను లేజరుతో చల్లబరిచారని చదివాం. నిజమేనా?

నిజమే. ఈ ఆలోచన 1980ల నాటిది, నెరవేరింది 2024లో. అదీ ఒకే ఏడాది రెండు బృందాల చేతుల్లో. పాజిట్రోనియం ఎంత తేలికంటే 243 నానోమీటర్ల ఒక్క ఫోటాన్‌ను మింగితే దాని వేగం సెకనుకు ఒకటిన్నర కిలోమీటరు మారుతుంది. హైడ్రోజన్‌కు అదే పని చేసే ఫోటాన్ మూడు మీటర్ల పైచిలుకు మార్పు మాత్రమే తేగలదు. అంటే కొద్ది పదుల ఫోటాన్లు చాలు. అయితే ఫోటాన్‌ను మింగి, వదిలి, మళ్లీ సిద్ధమయ్యే ప్రతి చక్రానికీ ఆరేడు నానోసెకన్లు కావాలి. ఆయుష్షు చూస్తే 142.

ఏజిస్ బృందం 70 నానోసెకన్ల పాటు సాగే ప్రత్యేక అలెక్సాండ్రైట్ లేజరు పల్స్‌తో ఉష్ణోగ్రతను 380 కెల్విన్‌ల నుంచి 170కి దించింది. టోక్యో బృందం ఇంకో దారి పట్టింది. పరమాణువులు నెమ్మదించే కొద్దీ వాటికి సరిపోయేలా రంగు మారుతూ పోయే పల్స్‌ల వరుసను వాడి, ఒక దిశలో సుమారు ఒక కెల్విన్ దాకా తెచ్చింది. ఇందులో ఒక మేలు కూడా ఉంది. పి స్థితిలో గడిపిన సమయంలో పరమాణువు దాదాపు అంతం కాదు, కాబట్టి చల్లబడుతూ కాస్త ఎక్కువ కాలం బతుకుతుంది.

వీటన్నిటితో యాంటీహైడ్రోజన్ తయారైందా? అది కిందికే పడుతుందా?

తయారైంది. ఏజిస్ బృందం 2018లో సేకరించిన దత్తాంశాన్ని 2021లో ప్రచురించింది. అందులో విశేషం సంఖ్య కాదు, సమయం. పాత పద్ధతిలో యాంటీప్రోటాన్లనూ పాజిట్రాన్లనూ కలిపి ఉంచితే యాంటీహైడ్రోజన్ ఎప్పుడు పుడుతుందో కచ్చితంగా చెప్పలేం. ఇక్కడ లేజరు పల్స్ గడియారంలా పనిచేస్తుంది. దాదాపు 250 నానోసెకన్ల కచ్చితత్వంతో పుట్టిన క్షణం తెలుస్తుంది. ఒక పుంజాన్ని అడ్డంగా పంపి, అది ఎంత కిందికి జారిందో కొలవాలంటే బయలుదేరిన వేళ తెలియాలి.

పడే దిశ సంగతి ముందుగా తేల్చింది మాత్రం సెర్న్‌లోనే ఉన్న ఆల్ఫా బృందం. 2023లో, అయస్కాంత ఉచ్చులో పట్టిన యాంటీహైడ్రోజన్‌ను వదిలి చూస్తే అది కిందికే వచ్చింది. త్వరణం మామూలు గురుత్వ త్వరణానికి 0.75 వంతు అని కొలత, దోష పరిమితులు కలుపుకుంటే ఒకటితో పొసగుతుంది. ఒక శాతమో అంతకన్నా మెరుగైన కచ్చితత్వమో రావాలంటే మరింత చల్లని యాంటీహైడ్రోజన్ కావాలి. అందుకే మంచి పాజిట్రోనియం అవసరం ఇంకా అలాగే ఉంది. జీబార్ అనే మరో ప్రయోగం కూడా పాజిట్రోనియం మేఘంలోంచి యాంటీప్రోటాన్లను పంపే దారిలోనే వెళుతోంది.

ఉత్తేజిత స్థాయిల కొలతలు సిద్ధాంతంతో సరిపోతున్నాయా?

చాలావరకు. క్వార్కులూ ప్రోటాన్ పరిమాణమూ అడ్డురాని శుద్ధమైన వ్యవస్థ కాబట్టి కాంతికీ ఆవేశ కణాలకూ మధ్య జరిగే చర్యలను వివరించే క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్‌కు ఇది మంచి పరీక్ష. 2020లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ బృందం రెండో స్థాయిలోని ఒక సూక్ష్మ అంతరాన్ని మైక్రోవేవ్‌లతో కొలిస్తే 18,501.02 మెగాహెర్ట్జ్ వచ్చింది. సిద్ధాంతం చెప్పేది అంతకన్నా 2.77 మెగాహెర్ట్జ్ తక్కువ. దోష పరిమితికి నాలుగున్నర రెట్ల తేడా అది. ఆ తర్వాత అదే పరిశోధకులు ఛాంబరులో ప్రతిఫలించే మైక్రోవేవ్‌లు రేఖ ఆకారాన్ని వంకర చేయగలవని లెక్కలు వేసి చూపారు. తమ ఫలితాన్ని తామే అంత నిర్దాక్షిణ్యంగా పరీక్షించుకున్న ఆ బృందం అంటే నాకు గౌరవం.

దీనితో బాంబు చేయవచ్చా?

లేదు. ఒక పల్స్‌లో ఉండే పాజిట్రాన్లన్నీ ఒకేసారి అంతమైనా విడుదలయ్యే శక్తి ఒక గ్రాము నీటిని వేడెక్కించడానికి కూడా చాలదు.

మన దేశానికి, మన జీవితానికి దీనితో ఏమైనా సంబంధం ఉందా?

రెండూ ఉన్నాయి. బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఏజిస్ బృందంలో భాగస్వామి. సెర్న్‌లో భారత్‌ 2017 నుంచి అసోసియేట్ సభ్య దేశం.

ఇక జీవితం సంగతి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెట్ (పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ) స్కాన్ చేయించుకున్నవారి శరీరంలో పాజిట్రోనియం పుట్టే ఉంటుంది. స్కాన్ ముందు ఎక్కించే మందులోని ఫ్లోరిన్-18 పాజిట్రాన్లను వెలువరిస్తుంది. శరీర కణజాలంలో వాటిలో సుమారు 40 శాతం పాజిట్రోనియం దశ మీదుగా వెళతాయి. శరీరంలో ఆర్థో పాజిట్రోనియం 142 నానోసెకన్లు బతకదు. చుట్టూ ఉన్న అణువుల్లోని ఎలక్ట్రాన్ ఏదో ఒకటి దానిలోని పాజిట్రాన్‌ను అంతం చేస్తుంది. నీటిలోనైతే సగటున 1.8 నానోసెకన్లే. ఆ ఆయుష్షు చుట్టూ ఉన్న ఖాళీలను, ఆక్సిజన్‌ను బట్టి మారుతుంది. మామూలు పెట్ యంత్రం ఈ సమాచారాన్ని పట్టించుకోదు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో జే-పెట్ బృందం దాన్నే కొలిచి చిత్రంగా మార్చింది. 2024లో ఒక రోగి మెదడుకు సంబంధించిన అలాంటి తొలి చిత్రాన్ని ప్రచురించింది. కణితిలో, ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో పాజిట్రోనియం ఆయుష్షు వేరువేరుగా ఉంటుందా, ఉంటే వైద్యులు దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోగలరా అన్నదాని మీద ఇప్పుడు పని సాగుతోంది.